‘పిల్లల మొహం చూసి...’ : సంరక్షణ చట్టాల చరిత్ర

దాంపత్య సమస్యను మన సాహిత్యం విస్తృతంగానే చర్చించింది. చలం నుంచి నేటి దాకా స్త్రీ గడప దాటే ఘట్టాన్ని ధైర్యంగా చిత్రించిన రచయితలు మనకున్నారు. కాని విడిపోయిన ఆ ఇద్దరూ కలిసి బిడ్డను ఎలా పెంచాలనే ప్రశ్న మాత్రం సాహిత్యంలోనూ, చట్టంలోనూ వెనకబడిపోయింది. అలాంటి తల్లిదండ్రులకు పెంపకం విషయంలో తోడ్పడే కౌన్సెలింగ్ అనే భావన మనకు ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చింది? దీనికి జవాబు వ్యక్తుల మంచి చెడ్డల్లో దొరకదు. చట్టం బిడ్డను ఏ దృష్టితో చూసిందో పరిశీలిస్తేనే దొరుకుతుంది.

మన చట్టానికి మూలం ఇంగ్లండ్‌లో ఉంది. 19వ శతాబ్దపు తొలి దశకాల్లో అక్కడ వివాహ బంధంలో పుట్టిన బిడ్డల మీద అధికారం తండ్రిదే. రచయిత్రి కరోలిన్ నార్టన్ 1836లో భర్త నుంచి విడిపోయినప్పుడు ముగ్గురు కొడుకుల్నీ ఆయన తన అధీనంలోనే ఉంచుకున్నాడు. ఆమె కరపత్రాలు రాసి, పార్లమెంటు సభ్యులను కదిలించి, ఈ అన్యాయం మీద పోరాడింది. ఆ పోరాట ఫలితమే 1839 నాటి శిశు సంరక్షణ చట్టం. ఏడేళ్ళలోపు బిడ్డల్ని తన దగ్గర ఉంచుకోవడానికీ, అంతకన్నా పెద్దపిల్లల్ని చూసిరావడానికీ కోర్టులో అర్జీ పెట్టుకునే వీలు తల్లికి అప్పుడు దక్కింది. వ్యభిచారం రుజువైన తల్లికి ఆ వీలు కూడా లేదు. నార్టన్ పిల్లలు స్కాట్లండ్‌లో ఉండటం వల్ల, ఆమె సాధించిన చట్టం వెంటనే ఆమెకే అక్కరకు రాలేదు!

ఇంగ్లండ్‌లో సడలుతూ వచ్చిన ఈ పితృహక్కు వలసపాలనలో మనకు సంక్రమించింది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనరు సంక్షేమాన్ని ప్రస్తావిస్తూనే, తండ్రి బతికి ఉండి, అనర్హుడని కోర్టు భావించనంత వరకు వేరొకరిని సంరక్షకులుగా నియమించకూడదని 19వ సెక్షన్‌లో కట్టడి చేసింది. 25వ సెక్షన్ స్వభావం మరింత స్పష్టం. సంరక్షకుని దగ్గర నుంచి వెళ్ళిపోయిన బిడ్డను అరెస్టు చేయించి మళ్ళీ అప్పగించవచ్చునంటుంది అది. బందెలదొడ్డి నుంచి పశువును విడిపించుకుపోయే యజమాని తర్కం ఇందులో లేదా? 19వ సెక్షన్‌లో తండ్రి పక్కన తల్లి మాట చేరడానికి 2010 దాకా, అంటే 120 ఏళ్ళు పట్టింది.

స్వతంత్ర భారతం చేసిన 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం కూడా ఈ వారసత్వాన్ని పూర్తిగా వదులుకోలేదు. బిడ్డ సంక్షేమమే ప్రధానమని ఒక చోట చెప్పింది. మరో చోట సహజ సంరక్షకుడు తండ్రి అనీ, ఆయన తర్వాతే తల్లి అనీ చెప్పింది. అయిదేళ్ళలోపు బిడ్డ మాత్రం మామూలుగా తల్లి దగ్గరే ఉండాలంది. అంటే చాకిరీ తల్లికి, పెత్తనం తండ్రికి! రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేర బాండ్లు తీసుకోబోతే రిజర్వు బ్యాంకు తండ్రి సంతకం కావాలంది. ఆ కేసులో సుప్రీంకోర్టు 1999 ఫిబ్రవరిలో, ‘తర్వాత’ అంటే తండ్రి మరణించాక అని మాత్రమే కాదు, ఆయన లేని పరిస్థితిలో అని కూడా అర్థమని వ్యాఖ్యానించింది. దానితో కలిపి విచారించిన రెండో పిటిషన్ విడాకుల వ్యాజ్యంలో ఉన్న దంపతుల బిడ్డకు సంబంధించినదే. అర్థం మారింది గాని, ఆ మాట చట్టంలో నుంచి పోలేదు.

ఇక కౌన్సెలింగ్ సంగతి చూద్దాం. కుటుంబ వివాదాల్లో కోర్టు రాజీకి ప్రయత్నించాలనీ, అందుకు కుటుంబ సంక్షేమ రంగంలో పనిచేసేవారి సాయం తీసుకోవచ్చనీ 1976లో సివిల్ ప్రొసీజర్ కోడ్‌కు చేసిన సవరణ చెప్పింది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం కౌన్సెలర్లకు నేరుగా స్థానం కల్పించింది. ఇది నిస్సందేహంగా ముందడుగే. అయితే ఆ చట్టం జడ్జీల ఎంపికలో పిల్లల సంక్షేమంతో పాటు వివాహ వ్యవస్థను కాపాడాలనే నిబద్ధతను కూడా కోరింది. మన ఊళ్ళలో పెద్దమనుషుల పంచాయితీ చెప్పిన మాట కూడా అదే గదా: ‘పిల్లల మొహం చూసైనా సర్దుకుపోండి.’ సర్దుకుపోవలసింది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. ఈ ఆలోచనలో బిడ్డ కూలబోయే సంసారానికి ఆనించిన గుంజ మాత్రమే. రాజీ కుదిరితే కౌన్సెలర్ పని తీరిపోతుంది. కుదరకపోయినా తరచు తీరిపోతుంది. బిడ్డకు అసలు సాయం అవసరమయ్యేది ఆ తర్వాతనే.

ఫీజు ఎవరు కట్టాలి, జ్వరమొస్తే ఎవరికి కబురు చేయాలి, వేసవి సెలవులు ఎక్కడ గడపాలి అన్నవి చిన్న విషయాలు కావు. ఒకరి మాటలు మరొకరికి మోసే పని పసివాడి మీద పడితే, వాడి చదువు ఎలా దెబ్బతింటుందో బడిలో పనిచేసే మాబోటివాళ్ళకు తెలుసు. ఈ వివరాలను తల్లిదండ్రులు ఒక మూడో మనిషి సహాయంతో ముందే మాట్లాడుకుని రాసుకోవడమే ‘పెంపక ప్రణాళిక’. లా కమిషన్ 2015 మేలో ఇచ్చిన 257వ నివేదిక దీన్నీ, మధ్యవర్తిత్వాన్నీ, ఉమ్మడి కస్టడీకి అవకాశాన్నీ సిఫార్సు చేసింది. తల్లిదండ్రులిద్దరితోనూ సంబంధం నిలుపుకోవడం బిడ్డ హక్కని చెప్పే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992లోనే చేరింది. అయినా ఆ నివేదిక కోరిన సమగ్రమైన మార్పు చట్టరూపం దాల్చలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఉమ్మడి పెంపకం అనే అందమైన మాట చాటున కొట్టే భర్త పెత్తనం మళ్ళీ ఇంట్లోకి రాకూడదు. 2005 నాటి గృహహింస చట్టం 21వ సెక్షన్ ఈ ప్రమాదాన్ని గుర్తించింది. తండ్రి రాకపోకలు బిడ్డకు హానికరమని మేజిస్ట్రేటు భావిస్తే వాటిని నిరాకరించాలంది. సమానులు కాని ఇద్దరినీ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టి సమానంగా రాజీపడమనే కౌన్సెలింగ్ బలవంతుడి పక్షమే వహిస్తుంది. కౌన్సెలర్ ముందుగా చూడవలసింది ఆ ఇంట్లో భయం ఉందా లేదా అని. ఆ పరీక్ష జరిగాకే పెంపక ప్రణాళికకు అర్థం ఉంటుంది.

బిడ్డ ఎవరికి చెందాలన్న వాదంతోనే ఈ చట్టాల చరిత్ర చాలా కాలం నడిచింది. బిడ్డకు ఎవరెవరు ఏం చెయ్యాలన్న ప్రశ్న ఇటీవలిది. విడాకుల డిక్రీతో చేతులు దులుపుకోకుండా, ఆ తర్వాతి ఏళ్ళలో కూడా పేద తల్లిదండ్రులకు ఉచితంగా అందే కౌన్సెలింగ్‌ను ప్రతి ఫ్యామిలీ కోర్టులోనూ ఏర్పాటు చేయాలని మనం కోరాలి. మన కథకులు కూడా గడప దాటిన స్త్రీ దగ్గర కథ ముగించక, సెలవు రోజుల్లో రెండిళ్ళ మధ్య తిరిగే ఆ బిడ్డ వెంట కొంత దూరం నడవాలి.