పెళ్లయ్యాక పరీక్ష కొత్తేం కాదు

మా తోడికోడలు జీఎన్‌ఎం పాసై పన్నెండేళ్లయింది. సర్టిఫికెట్లు బీరువాలో పెళ్లి చీరల కింద ఉన్నాయి. పోయిన నెల వాటిని బయటికి తీసి, "అక్కా, ఈసారి నోటిఫికేషన్ పడితే నర్సు పరీక్ష రాస్తా" అంది. ఇంట్లో ఎవరూ కాదనలేదు గానీ, "ఇప్పుడా?" అన్నారు. ఆ మాట నాకు రెండు రోజులు మనసులో మెదిలింది.

మన దగ్గర నర్సులకు లైసెన్సు కోసం విడిగా పరీక్ష లేదు. కోర్సు పాసై రాష్ట్ర కౌన్సిల్‌లో పేరు రాయించుకుంటే చాలు. అమెరికాలో అయితే ఎన్‌క్లెక్స్ గట్టెక్కితేనే లైసెన్సు. ఇక్కడ అసలు వడపోత సర్కారు కొలువు దగ్గర మొదలవుతుంది.

ఈ పేరు రాయించుకోవడంలో మా వైపుది చిత్రమైన కథ. మా ములకలపల్లి నిజాం ఏలుబడిలో ఉండేది. గోదావరి అవతల భద్రాచలం మద్రాసు వాళ్లది. అక్కడ 1926లోనే నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చింది. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చేనాటికి హైదరాబాద్ ఇంకా దేశంలో కలవనేలేదు. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో చేరింది. చట్టం ఏ ఒడ్డున ఉన్నా అడవి పల్లెల్లో కాన్పులు చేసింది మాత్రం మంత్రసానులే. నర్సు శిక్షణకు పంపాలంటే బడి చదువు ఉన్న ఆడమనిషి కావాలి. ఆ చదువే మధ్యలో ఆగిపోయేది.

ఈ ముడి విప్పే పని పెట్టుకున్నది దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు, ఆ బంధం నిలవలేదు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. బయటికొచ్చాక, ఇరవై దాటిన వయసులో కూర్చుని బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్ రాశారు. తర్వాత బీఏ, ఆపైన లా. ఆమె 1937లో మద్రాసులో పెట్టిన ఆంధ్ర మహిళా సభలో తొలి పనుల్లో ఒకటి, తనలాగే చదువు ఆగిపోయిన ఆడవాళ్లను ఆ బెనారస్ మెట్రిక్‌కు తయారు చేయడం.

1953లో ఆమె కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. పల్లెల్లో నర్సులు, టీచర్లు, గ్రామసేవికలు కావాలి. ఆసరా లేని ఆడవాళ్లూ, భర్త పోయినవాళ్లూ పనికి సిద్ధంగా ఉన్నారు, చేతిలో సర్టిఫికెట్ లేదు. అందుకే 1958లో బోర్డు పెద్ద వయసు ఆడవాళ్లకు కుదించిన చదువు పెట్టింది. ఏళ్ల చదువును రెండేళ్లలో పూర్తిచేయించి పరీక్ష రాయించడం, ఆ పైన నర్సు శిక్షణకో మరో ఉద్యోగానికో దారి చూపడం. రాజ్యాంగ సభలో కూర్చున్నందుకు ఆమెను తలుచుకుంటాం. నన్నడిగితే ఈ పని అంతకు తక్కువేం కాదు.

ఇంతా చేసి ఈనాటి లెక్క చూడండి. 2024 నవంబరు 23న తెలంగాణలో 2,322 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు పరీక్ష జరిగింది. రాత పరీక్షకు 80 మార్కులు. మిగతా 20 సర్కారు దవాఖానల్లో కాంట్రాక్టు మీదో, ఔట్‌సోర్సింగ్ మీదో పనిచేసినవాళ్లకు. అలా కష్టపడ్డవాళ్లకు ఇవ్వడం న్యాయమే, అందులో నాకు పేచీ లేదు. కానీ ఇద్దరు పిల్లల్ని కని, మంచాన పడ్డ మామగారికి రెండేళ్లు పుండు కట్టిన మనిషికి ఆ 20లో సున్నా! నలుగురిలో ఈ మాటంటే మా తోడికోడలే నన్ను ఆపుతుంది. "ఎనభైలోనే చూసుకుంటా లే అక్కా" అంటుంది.

పిల్లలు పడుకున్నాక కూర్చుంటోంది. శరీర నిర్మాణం త్వరగానే గుర్తొస్తోందట, ఇబ్బందల్లా లెక్కలతోనే. ఒక లీటరు సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలి, మిల్లీలీటరుకు 15 చుక్కలు. అంటే 15,000 చుక్కలు, 480 నిమిషాలు. నిమిషానికి 31. మొదటిరోజు మూడుసార్లు తప్పు చేసి ఏడ్చింది. నాలుగోసారి కాగితం పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, వేలితో మంచం కోడు మీద చుక్కలు కొట్టుకుంటూ లెక్కపెట్టింది.

నిన్నటి నుంచి మా హాల్లో గడియారం లేదు. సెకన్ల ముల్లు ఉన్నది అదొక్కటేనని తన గదిలో పెట్టుకుంది. టైమెంతని మా ఆయన అరిస్తే, లోపలి నుంచి తనే చెబుతోంది.