పసుపు, ఉసిరిక, మధుమేహపుఁ గన్ను

అష్టాంగహృదయమను వైద్యగ్రంథము సుమారు 7వ శతాబ్దమునాటిది. దానిని రచించిన వాగ్భటుడు, ఏ రోగమున కేది శ్రేష్ఠమైన మందో ఉత్తరస్థానమున చెప్పుచు, మేహరోగములకు ఉసిరికను పసుపును జతగా పేర్కొనెను. కంటిబలమునకు త్రిఫలాచూర్ణమును తేనెతోను నేతితోను రాత్రివేళ సేవింపుమనెను. నేడు మన గోదావరి మండలములలో, మధుమేహముచే చెడిన కన్ను బాగగునని చెప్పి అమ్మెడి మాత్రలకు ఈ రెండు మాటలే పెట్టుబడి. అందెంత నిజము కలదో విచారింతము.

మధుమేహమువలన కంటికి కలుగు కీడులు ముఖ్యముగా రెండు. మన యూళ్లలో రెంటిని "పొర" యనియే యందుము. చిక్కంతయు నిక్కడనే యున్నది. మొదటిది శుక్లము, అనగా కంటిలోని కటకము మసకబాఱుట. దానిని తీసివేసి కృత్రిమ కటకము నమర్పవచ్చును. రెండవది కంటి లోపలిగోడ నంటియున్న రెటీనాలోని సన్నని రక్తనాళములు చెడి, కారి, చిట్లుట. అందువలన పోయిన చూపు చాలవఱకు తిరిగి రాదు.

ఇక హైదరాబాదునకు పోదము. 1918లో కూనూరున మెకారిసన్ దొర ఆరంభించిన పరిశోధనాలయము 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. అదియే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అచ్చటి శాస్త్రజ్ఞులు ఎలుకలకు మధుమేహము కల్పించి, కొన్నిటికి మేతలో పసుపును, కొన్నిటికి పసుపులోని సారమగు కర్క్యుమిన్‌ను కలిపి పెట్టిరి. రక్తమున చక్కెర మించినపుడు, ఆమ్లజనివలన పుట్టు తీక్ష్ణపదార్థములు, త్రుప్పు ఇనుమును తినునట్లు, కటకములోని మాంసకృత్తులను చెఱచును. దాని నడ్డగించువానినే యాంటీ ఆక్సిడెంట్లందురు. 2005లో ఫలితము వెలువడినది. పసుపు తిన్న యెలుకలకు శుక్లము ముదురుట ఆలస్యమైనది. వేఱుచేసిన సారముకంటె వంటింటి పసుపే మేలుగా పనిచేసినది! కాని వాని రక్తములోని చక్కెర మాత్రము తగ్గలేదు. ఉసిరికయు ఎలుకలలో అట్లే శుక్లమును జాగు చేసినదని 2007లో ప్రకటించిరి.

అంతకుముందే, 2003లో, పాలచక్కెరలోని యొక భాగమగు గాలక్టోజుచే శుక్లము తెప్పించిన యెలుకలపై వారు చేసిన పరీక్ష యింకను విచిత్రము. కిలో మేతకు 20 మిల్లీగ్రాముల కర్క్యుమిన్ కలుపగా శుక్లము ఆలస్యమైనది. 100 మిల్లీగ్రాములు కలుపగా, ఆరంభము కొంచెము జాగైనను, పిదప మఱింత త్వరగా ముదిరినది. ఒక మాత్రకు మాఱు నాలుగు మ్రింగువారు ఈ లెక్కను చూడవలెను.

ఇవన్నియు ఎలుకల మాటలు, కటకము మాటలు. మనుష్యుని రెటీనాను మధుమేహమునుండి కాపాడునని నిశ్చయముగా తేలిన మొక్కమందు ఇంతవఱకు లేదు. 2001లో అమెరికాలో విటమినులు మేలుచేసెనని తేలినది వార్ధక్యమున వచ్చు వేఱొక రెటీనావ్యాధి విషయమున. దానిని దీనికి ముడిపెట్టుట వర్తకుల నేర్పు. తేలినది మఱియొకటి కలదు. 1993లో, ఇన్సులిన్‌పై జీవించు 1,441 మంది రోగులను సుమారు ఆఱున్నర యేండ్లు పరిశీలించి, చక్కెరను గట్టిగా అదుపున నుంచినవారిలో ఈ రెటీనావ్యాధి పుట్టుట నూటికి 76 వంతులు తగ్గెనని చెప్పిరి.

నా పూర్వశిష్యుడొకడు, వరిసేద్యగాడు, రెండేండ్లు ఇట్టి మాత్రలు మ్రింగుచు కన్ను చూపించుకొనలేదు. నొప్పి లేదు గదా యనెను. ఎడమకంట రక్తము చిమ్మినపిదపనే పట్టణమునకు పోయెను. ఆ చూపు రాలేదు. కుడికన్ను లేసరు చికిత్సచే నిలిచినది.

ఏలూరు చేరువ సోమవరప్పాడున పుట్టిన ఎల్. వి. ప్రసాద్‌గారి పేర హైదరాబాదున 1987 నుండి గొప్ప నేత్రవైద్యసంస్థ నడచుచున్నది. దాని శాఖలు విజయవాడ, విశాఖపట్టణములలోను గలవు. మధుమేహులు ఏడాదికొకసారియైనను, ఇట్టి వైద్యుల యొద్ద, కంటిపాప విప్పారుటకు చుక్కలు వేయించుకొని రెటీనాను చూపించుకొనవలెను. ఆ పూట యెండకు కన్ను మిరుమిట్లుగొనును, దగ్గఱి యక్షరములు కానరావు. కావున వెంట నొకరిని తీసికొని పోవుట మంచిది.