ఆసుపత్రి ఫార్మసిస్టులు: ఉద్యోగ సంతృప్తి, వృత్తి దృక్పథాల చరిత్ర

ఆసుపత్రిలో మందులు నిల్వచేసి, వైద్యుడు రాసిన చీటీని సరిచూసి, రోగికో వార్డుకో అందించేవారు ఆసుపత్రి ఫార్మసిస్టులు. వీరి సంతృప్తిని పరిశోధకులు రెండు విధాలుగా చూస్తారు. జీతం, డ్యూటీ వేళలు, పై అధికారుల తీరు నచ్చితే అది ఉద్యోగ సంతృప్తి. మళ్లీ ఎంచుకోవలసివచ్చినా ఇదే చదువు చదువుతామంటే అది వృత్తి సంతృప్తి. ఫార్మసిస్టులలో ఈ రెండింటినీ కొలిచే ప్రశ్నావళిని 1980లలో అమెరికా పరిశోధకులు బార్నెట్, కింబర్లిన్ రూపొందించారు.

ఈ వృత్తి మూలాలు పాతవి. ఐరోపాలో 13వ శతాబ్దపు చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ వైద్యాన్నీ మందుల తయారీనీ వేరు వృత్తులుగా విడదీశాడు. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రి 1752లో జొనాథన్ రాబర్ట్స్‌ను మందుల పనికి నియమించుకుంది.

ఈ వృత్తిలో అసంతృప్తి గట్టిగా వినిపించింది 20వ శతాబ్ది మధ్యభాగంలో. అమెరికా ఆసుపత్రి ఫార్మసిస్టులు 1942లో హార్వే విట్నీ తొలి అధ్యక్షుడిగా సొంత సంఘం పెట్టుకున్నారు. ఆ దశాబ్దాలలోనే మాత్రలు, ఇంజెక్షన్లు కర్మాగారాల నుంచి తయారై రావడం పెరిగింది. నూరడం, కలపడం, తూచడం తగ్గిపోయి, ఏళ్ల తరబడి రసాయనశాస్త్రం చదివినవారికి లెక్కపెట్టడం, చీటీ అంటించడం మిగిలాయి. అమెరికా ఫార్మసిస్టుల సంఘం 1952లో సవరించిన నియమావళి మందు ఏం చేస్తుందో, అందులో ఏముందో రోగితో చర్చించరాదని, అడిగితే వైద్యుడి దగ్గరికి పంపాలని చెప్పింది. తెలిసినదాన్ని చెప్పనివ్వని ఈ నియమం 1969 సవరణ దాకా ఉంది.

మార్పుకు దారితీసిన ప్రయోగాలలో ముఖ్యమైనది 1966లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రి తొమ్మిదో అంతస్తులో జరిగింది. అక్కడి శస్త్రచికిత్స వార్డులోనే చిన్న ఫార్మసీ తెరిచి, రాత్రింబవళ్లు ఫార్మసిస్టులను ఉంచారు. వారు కేస్ షీట్లు చదివారు, మందుల మోతాదులపై వైద్యులతో, నర్సులతో మాట్లాడారు. ఈ సాహసోపేతమైన పని వెనుక నిలిచిన అధ్యాపకులలో జెరీ గోయన్ ఒకరు. ఆయన 1979లో అమెరికా ఆహార, ఔషధ సంస్థకు కమిషనర్ అయ్యారు. ఆ పదవి చేపట్టిన తొలి ఫార్మసిస్టు ఆయనే. రోగికి మందు మేలు చేసే బాధ్యతలో ఫార్మసిస్టుకు భాగం ఉండాలని అమెరికా పరిశోధకులు హెప్లర్, స్ట్రాండ్ 1990లో వాదించారు. జీతం తక్కువైతే అసంతృప్తి కలుగుతుందనీ, అసలు తృప్తి మాత్రం పనిలోని సారం, గుర్తింపు, బాధ్యతల నుంచి వస్తుందనీ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో చెప్పిన సిద్ధాంతం ఈ రంగానికి బాగా నప్పుతుంది. బ్రిటన్‌లో నోయెల్ హాల్ అధ్యక్షతన ఏర్పడిన బృందం 1970 నివేదికలో ఆసుపత్రి ఫార్మసీ సేవల పునర్వ్యవస్థీకరణను, ఉద్యోగ శ్రేణులను పరిశీలించింది.

భారతదేశంలో ఈ పని చాలాకాలం కాంపౌండర్ల చేతిలో ఉంది. మందుల నాణ్యతను విచారించడానికి 1930లో కర్నల్ రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన సంఘం ఏర్పడింది. 1932లో మహాదేవ్‌లాల్ ష్రాఫ్ బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఔషధశాస్త్ర బోధన ప్రారంభించారు. దేశంలో ఫార్మసీ చదువుకు ఆయన వేసిన పునాది చిరస్మరణీయం. అయినా 1946లో దేశ ఆరోగ్య సేవలను సమీక్షించిన భోర్ కమిటీ లెక్క ప్రకారం దేశం మొత్తంమీద అర్హత గల ఫార్మసిస్టులు 75 మందే. 1948 ఫార్మసీ చట్టం కింద తొలి రిజిస్టర్లలో అయిదేళ్ల అనుభవం ఉన్న కాంపౌండర్లకూ చోటిచ్చారు. అప్పటి అవసరానికి అది సరైన నిర్ణయమే. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫార్మసీ శాఖ 1951లో మొదలైంది. 1953 విద్యా నిబంధనల తరువాత డిప్లొమాయే కనీస అర్హతగా స్థిరపడడంతో, డిగ్రీ చదివినవారిలో ఎక్కువమంది పరిశ్రమ వైపు మళ్లారు. ఆసుపత్రి కౌంటరు, ఇండెంట్లు, స్టాక్ రిజిస్టరు డిప్లొమావారి పాలయ్యాయి. తెలుగు ప్రాంతాల ప్రభుత్వాసుపత్రుల్లో గ్రేడ్-2 ఫార్మసిస్టుగా చేరినవారికి గ్రేడ్-1, ఆపైన సూపర్‌వైజరు మెట్లున్నా, ఓపీ రద్దీ వేళ ఒక్కో రోగితో రెండు మాటలు మాట్లాడే వ్యవధి దొరకడం కష్టం.

1990ల రెండో భాగంలో మైసూరులోని జె.ఎస్.ఎస్. ఫార్మసీ కళాశాల ఫార్మసీ ప్రాక్టీసులో స్నాతకోత్తర చదువు ప్రారంభించి విద్యార్థులను వార్డు రౌండ్లకు పంపింది. 2008లో ఆరేళ్ల ఫార్మ్.డి. (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) కోర్సు వచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కళాశాలలు దాన్ని విస్తృతంగా చేపట్టాయి. 2003 తరువాత పట్టా పొందిన విదేశీయులు అమెరికా లైసెన్సు పరీక్షలకు అర్హులు కావాలంటే కనీసం అయిదేళ్ల కోర్సు చదివి ఉండాలి. ఫార్మ్.డి. మీద తెలుగు విద్యార్థులకు కలిగిన ఆసక్తికి ఇదీ ఒక కారణం. చదువు ముగిశాక ఎందరో వార్డు వదిలి, మందుల దుష్ప్రభావాల నమోదు సంస్థల్లోనూ మెడికల్ కోడింగ్‌లోనూ చేరుతున్నారు. ఆసుపత్రిలో తగిన పోస్టు లేక వదిలినవారూ వీరిలో ఉన్నారు. 2015 ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి మందుల గురించి వివరించడాన్ని ఫార్మసిస్టు విధిగా గుర్తించాయి. ప్రభుత్వాసుపత్రుల్లో, వార్డులో రోగి మందులను చూసే క్లినికల్ ఫార్మసిస్టు పోస్టులు ఏర్పాటు చేయాలన్నది ఫార్మ్.డి. పట్టభద్రుల ప్రధాన కోరికగా కొనసాగుతోంది.