ల్యాబ్‌లో గులాబీ రంగు, మందుల షాపులో చాక్లెట్

ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్ గుర్తుందా? టైట్రేషన్‌లో రెండు చుక్కలు వేస్తాం, క్షారం ఉంటే గులాబీ రంగు వస్తుంది. ఆ చుక్కలే ఫినాఫ్తలీన్. అమెరికాలో జనం దీన్ని దాదాపు తొంభై ఏళ్లు మలబద్ధకానికి మింగారు. డాక్టర్ చీటీ లేకుండా, అదీ చాక్లెట్‌లో కలిపి!

1871లో జర్మనీ శాస్త్రవేత్త అడాల్ఫ్ వాన్ బేయర్ దీన్ని తయారుచేసినప్పుడు మందు అన్న ఆలోచనే లేదు. 1900 తర్వాత హంగేరీలో, వైన్‌లో కలపడానికి ఇది పనికొస్తుందా అని పరీక్షిస్తుంటే విరేచనాలు అవుతాయని బయటపడింది. హంగేరీ నుంచి అమెరికా వెళ్లిన మాక్స్ కిస్ అనే ఫార్మసిస్టు 1906లో దీన్ని చాక్లెట్‌లో పెట్టి 'ఎక్స్-లాక్స్' అని అమ్మాడు.

అంతకుముందు అక్కడి పిల్లలకూ మనలాగే ఆముదమే గతి. ముక్కు మూసి తాగించాల్సిందే. నన్నడిగితే ఆ వెగటే ఒక కాపలా. ఆముదాన్ని ఎవరూ ఇష్టంగా రెండోసారి అడగరు. చాక్లెట్‌ని అడుగుతారు. మిఠాయి అనుకుని ఎక్కువ తినేసిన పిల్లలూ ఉన్నారు.

1990లలో ఎలుకలకు పెద్ద మోతాదుల్లో ఇస్తే కణితులు వచ్చాయి. మనుషుల్లో క్యాన్సర్ తెచ్చిందని రుజువు కాలేదు. అయినా మలబద్ధకం కోసం అంత రిస్కు ఎందుకు? 1997లో ఎఫ్‌డీఏ వద్దంది, 1999లో పూర్తిగా ఆపించింది.

ఎక్స్-లాక్స్‌లో దాని బదులు వచ్చింది సెన్నా. అంటే మన సునాముఖి ఆకు! తిరునల్వేలి నుంచి విదేశాలకు వెళ్లేది ఇదే. "ఆకే కదా" అనుకోకండి, ఇది పేగును కదిలించే మందు. పనిచేయడానికి ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది, అందుకే రాత్రి వేసుకోమంటారు. రెండు గంటలకే "ఏం కాలేదు" అని ఇంకోటి వేసుకుంటే తెల్లారి నరకమే. బరువు తగ్గడానికి వాడేవాళ్లు ఇంకా ప్రమాదంలో ఉన్నారు. పోయేది నీళ్లు, పొటాషియం. కొవ్వు కాదు.

ఇసబ్‌గోల్ దారి వేరు, అది నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. పెద్ద గ్లాసు నీళ్లతో తాగాలి, లేకపోతే గొంతులోనే అడ్డుపడొచ్చు.

ఏదైనా సరే, వారం దాటినా అవసరం పడుతుంటే డాక్టర్‌ని అడగండి. కడుపునొప్పితో వాంతులు అవుతుంటే, మలంలో రక్తం కనిపిస్తే, మందుల షాపుకి కాదు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.