ఎంబీబీఎస్ మొదటి ఏడాది: ఏ పుస్తకం కొనాలి, ఏది లైబ్రరీలో చదవాలి

సీటు వచ్చిన కొద్దిరోజులకే మన పిల్లల చేతికి పుస్తకాల జాబితా ఒకటి వస్తుంది. అందులో పేర్లు మాత్రమే ఉంటాయి. ఏది కొనాలో, ఏది లైబ్రరీలో చూస్తే చాలో ఉండదు. డాక్టర్లున్న ఇంట్లో ఆ మాట అక్కో బాబాయో చెబుతారు, తాము చదివిన పుస్తకాలూ ఇస్తారు. కుటుంబంలో మొదటిసారి మెడికల్ కాలేజీ గడప తొక్కిన దళిత విద్యార్థికి అలా చెప్పేవాళ్లు ఉండరు. అప్పుచేసి అన్నీ కొనేవాళ్లు కొందరు, ఏదీ కొనలేక ఎవరి నోట్సో జిరాక్సు తీసుకునేవాళ్లు కొందరు. రెండూ నష్టమే.

మొదటి ఏడాది ప్రధానంగా అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. ఎక్కువ డబ్బు, ఎక్కువ భయం అనాటమీ దగ్గరే. ‘గ్రేస్ అనాటమీ’ పేరు విని పెద్ద పుస్తకం కొనేస్తుంటారు. అది నిపుణులు సందేహం తీర్చుకునే గ్రంథం. మొదటి ఏడాది విద్యార్థి దాన్ని మొదటినుంచి చివరిదాకా చదవడం జరిగే పని కాదు. విద్యార్థుల కోసం రాసిన ‘గ్రేస్ అనాటమీ ఫర్ స్టూడెంట్స్’ వేరే పుస్తకం. ఆ తేడా తెలియక చాలామంది మోసపోతారు. పరీక్షకు పనికొచ్చేది బి.డి. చౌరాసియా, లేదా విశ్రామ్ సింగ్. చౌరాసియాలో బొమ్మలు గీతలతో ఉంటాయి, జవాబుపత్రంలో మనమూ గీయగలం. రెండింటిలో ఒకటి చాలు. భాగాలుగా వస్తుంది కాబట్టి క్లాసులో మొదలుపెట్టే భాగమే ముందు కొనండి. పిండశాస్త్రానికి ఇందర్‌బీర్ సింగ్ ఉంది. డిసెక్షన్ హాల్లోకి తీసుకెళ్లే కన్నింగ్‌హామ్ మాన్యువల్ కొత్తది ఎందుకు? ఫార్మలిన్ చుక్కలు పడి ఎలాగూ పాడవుతుంది, సీనియర్ల దగ్గర పాతది తీసుకోండి. నెట్టర్ అట్లాస్ గదికి ఒకటి ఉంటే సరిపోతుంది.

ఫిజియాలజీలో గైటన్ పుస్తకం చూడగానే దాని బరువుకే బెదురుతాం. కానీ తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు మేము చెప్పేది అదే. విషయాన్ని ఎందుకు, ఎలా అంటూ ఓపిగ్గా విడమరుస్తుంది, వాక్యాలు సరళంగా ఉంటాయి. పోలియో వచ్చి సర్జన్ కావాలన్న ఆశ వదులుకున్న ఆర్థర్ గైటన్, 1956లో మొదటిసారి దీన్ని తెచ్చారు. చిన్న పుస్తకాలు అచ్చమైన పాయింట్లతో ఉంటాయి. అర్థం కాని పాయింటును బట్టీ పట్టడం ఇంకా కష్టం. అర్థం చేసుకోవడానికి లైబ్రరీలో గైటన్, పరీక్ష ముందు తిరగేయడానికి ఎ.కె. జైన్ లాంటిది సొంతంగా పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది.

బయోకెమిస్ట్రీకి వాసుదేవన్ గానీ, విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పిన సత్యనారాయణ పుస్తకం గానీ సరిపోతుంది. హార్పర్ లైబ్రరీలో ఉంటుంది.

పాత ఎడిషన్ కొనొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. అనాటమీలో నిస్సందేహంగా కొనొచ్చు, ఎముకలు మారవు. 2019లో వచ్చిన సీబీఎంఈ పాఠ్యప్రణాళికలో ప్రతి అంశానికీ ఒక నంబరు ఉంది. కొత్త ఎడిషన్లలో అవి అచ్చువేస్తున్నారు, అంతే. ఎన్‌ఎంసీ వెబ్‌సైటులో ప్రణాళిక ఉచితం, దాన్ని చూసి మీ పాత పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకోండి. తర్వాతి ఏళ్లలో మాత్రం జాగ్రత్త. ఫార్మకాలజీకి కె.డి. త్రిపాఠి, కమ్యూనిటీ మెడిసిన్‌కు పార్క్ కొత్తవే కావాలి. మందుల వాడకం, టీబీ చికిత్స, టీకాల పట్టిక మారుతుంటాయి.

ఇక డబ్బు. కేంద్ర పోస్ట్ మెట్రిక్ పథకంలో ఎస్సీ విద్యార్థులకు బుక్ బ్యాంకు ఉండేది, వైద్య డిగ్రీలో ఇద్దరికి ఒక సెట్ అన్న లెక్కన. 2021లో సవరించిన మార్గదర్శకాల్లో వృత్తివిద్యా డిగ్రీలకు అకడమిక్ అలవెన్సు హాస్టల్ విద్యార్థికి ఏడాదికి రూ.13,500, డేస్కాలర్‌కు రూ.7,000. తిండీ పుస్తకాలూ అన్నీ ఇందులోనే. ఇది సాయమా, వెక్కిరింపా అనిపిస్తుంది మాకు.

పుస్తకం చేతికి రాకపోవడాన్ని పేదరికం ఖాతాలో మాత్రమే వేయలేం. ఢిల్లీ ఎయిమ్స్‌పై 2007లో నివేదిక ఇచ్చిన సుఖదేవ్ థోరట్ కమిటీ, ఎస్సీ ఎస్టీ విద్యార్థులు హాస్టల్లోనూ తరగతిలోనూ ఎదుర్కొన్న వివక్షను నమోదు చేసింది. సీనియర్ల పుస్తకాలు ఎవరి గదికి వెళ్తాయి, ‘ఈ చాప్టర్ వదిలెయ్’ అన్న మాట ఎవరి చెవిన పడుతుంది అన్నవి హాస్టల్ గోడల మధ్య తేలే విషయాలు. అందుకే మన సీనియర్లు కోర్సు అయ్యాక పుస్తకాలు పాత పుస్తకాల షాపుకు వేయకుండా మన జూనియర్లకే అందించే ఏర్పాటు ప్రతి కాలేజీలో కావాలి.

కార్యకర్తలకు మరో పని ఉంది. కాలేజీ లైబ్రరీలో ఎస్సీ ఎస్టీ బుక్ బ్యాంకు ఉందా, ఆఖరిసారి ఎప్పుడు కొన్నారు, ఎన్ని సెట్లు, ఎంతమందికి ఇచ్చారు అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఆంధ్రప్రదేశ్‌లో 2013 నుంచి ఉప ప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 నుంచి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి. ఆ నిధుల నుంచి పుస్తకాలకు ఎంత ఖర్చుచేశారో అదే దరఖాస్తులో చేర్చండి. విద్యార్థి పేరుతో కాక సంఘం కార్యకర్త పేరుతో పెట్టండి. ఇంటర్నల్ మార్కులు వేసేది ఆ కాలేజీయే కదా.