భీమా దొరకని చోదకుడు

మాటిమాటికి ప్రమాదములు చేయు చోదకునికి భీమా ఇచ్చుటకు ఏ కంపెనీయు ఇష్టపడదు. వ్యాపారదృష్టితో చూచినచో ఇది సహజమే. కాని, అతని కారు క్రింద పడిన బాటసారికి పరిహారమెవరు చెల్లింతురు? ఈ ప్రశ్నకు సమాధానము కనుగొనుటకు ప్రభుత్వములకు చాలకాలము పట్టినది.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రము 1925లో ఒక చట్టము చేసినది. ప్రమాదము చేసినవాడు, ఇకముందు జరుగు నష్టమును చెల్లించు స్తోమతు తనకు కలదని ఋజువు చూపవలెను. సాధారణముగా ఆ ఋజువు భీమా పత్రమే. అయితే, మొదటి ప్రమాదములో కాలు విరిగినవానికి ఈ చట్టము వలన ఒరిగినదేమియు లేదు. మసాచుసెట్స్ రాష్ట్రము మరియొక అడుగు ముందుకు వేసి, 1927 నుండి భీమా లేనిదే కారును రిజిస్టరు చేయరాదని శాసించినది.

అంతట క్రొత్త చిక్కు వచ్చినది. భీమా చూపుమని చట్టములు అడుగుచుండగా, కొందరికి భీమా ఇవ్వబోమని కంపెనీలు చెప్పసాగినవి. 1938లో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున దీనికొక ఉపాయము వెలసినది. అందరును నిరాకరించిన చోదకుని దరఖాస్తును ఏదో ఒక కంపెనీకి కేటాయింతురు. ఎవరి వ్యాపారమెంతయో వారి వంతు అంత. చెరువు పూడిక తీయుటకు ఊరివారు వంతులు వేసికొనినట్లే, కంపెనీలు ఈ భారమును పంచుకొనినవి. చోదకుడు మాత్రము హెచ్చు ప్రీమియము చెల్లింపవలెను. ఈ పద్ధతి ఇతర రాష్ట్రములకును వ్యాపించినది. ఇష్టము లేని బేరమును బలవంతముగా అంటగట్టుట తగదని కాలిఫోర్నియాలో భీమాదారులు వాదింపగా, 1951లో అమెరికా సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చినది.

బ్రిటనులో 1930 నాటి చట్టముచే మూడవ వ్యక్తి భీమా తప్పనిసరి యైనది. ఐనను భీమా లేక తిరుగు బండ్లు ఉండనే ఉండెను. అట్టి బండ్ల వలన గాయపడినవారి కొరకు 1946లో భీమాదారులందరును కలిసి ఒక సంస్థను నెలకొల్పిరి.

మన దేశమున 1939 మోటారు వాహనముల చట్టములోని భీమా అధ్యాయము 1946 జూలై 1 నుండి అమలులోనికి వచ్చినది. 1988 నాటి చట్టమును ఆ నిర్బంధమును కొనసాగించినది. మన కంపెనీలు వెనుదీసినది ముఖ్యముగా లారీల వంటి వాణిజ్య వాహనముల విషయమున. 2007 నుండి 2012 వరకు వాటి మూడవ వ్యక్తి భీమా నష్టమును కంపెనీలన్నియు ఉమ్మడి నిధి ద్వారా పంచుకొనినవి.

అజాగ్రత్తపరునికి భీమా ఇచ్చుట అతని తప్పును మన్నించుట కాదా యని కొందరు అడుగుదురు. కాదు. తప్పునకు శిక్ష విధించుట న్యాయస్థానము పని. లైసెన్సు రద్దు చేయుట అధికారుల పని. భీమా పని వేరు. ప్రీమియము మరీ హెచ్చించినచో అతడు భీమా లేకయే బండి నడుపును. మరీ తగ్గించినచో జాగ్రత్తపరులు అతని భారమును మోయవలసివచ్చును. ఈ రెంటి నడుమ ధరను నిర్ణయించునపుడు, ఏ తప్పును చేయక దారిన పోవువాని క్షేమమే మొదట తలపునకు రావలెను.