తాళంచెవి ఎవరి చేతికి?

1894 నాటి కారాగారాల చట్టంలో ఒక విచిత్రమైన నిబంధన ఉంది. జైలు అధికారిగా నియమితుడైన ఖైదీని సైతం ప్రభుత్వోద్యోగిగానే పరిగణించాలని 23వ సెక్షన్ చెబుతుంది. వలస ప్రభుత్వానికి కావలసింది చవకైన కాపలా. శిక్షలో కొంత తగ్గింపు చూపితే చాలు, కావలివాడు ఖైదీల్లోనే దొరికాడు. అదే చట్టం జైలు సిబ్బంది విధులను వరుసగా పేర్కొన్నది గాని, ఆ విధులకు వారిని ఎలా తీర్చిదిద్దాలో చెప్పలేదు.

ఈ లోపాన్ని అలెగ్జాండర్ కార్డ్యూ అధ్యక్షతన ఏర్పడిన 1919-20 భారత జైళ్ల కమిటీ గుర్తించింది. శిక్ష భయపెట్టడానికే కాదు, మనిషిని దిద్దడానికి కూడా అన్నది. కనుక ఖైదీల బాధ్యతను తగిన శిక్షణ పొందినవారికే అప్పగించాలన్నది. అయితే సరిగ్గా ఆ కాలంలోనే మాంటేగు–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలు జైళ్లను రాష్ట్ర ప్రభుత్వాలకు బదలాయించాయి. సిఫార్సు ఢిల్లీది, ఖర్చు రాష్ట్రానిది అయింది. తరువాతి శతాబ్దపు కథంతా ఈ వాక్యంలోనే ఉంది.

లక్నోలో జైలు సిబ్బంది శిక్షణ పాఠశాల 1940లో గాని రాలేదు. స్వాతంత్ర్యానంతరం ఐక్యరాజ్యసమితి నిపుణుడు వాల్టర్ రెక్లెస్ వచ్చి జైళ్లను పరిశీలించాడు. 1979లో ఆంధ్రప్రదేశ్ సహా దక్షిణాది రాష్ట్రాలు కలిసి వేలూరులో అకాడమీ నెలకొల్పాయి. ఆ ఏడాదే, తీహార్‌లో ఒక వార్డర్ తోటి ఖైదీని చిత్రహింస పెట్టాడని సునీల్ బాత్రా రాసిన లేఖపై సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. జైలు గోడలు ప్రాథమిక హక్కులను ఆపలేవని జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం తేల్చింది. ఆ హక్కులను అనుదినం కాపాడవలసినవాడు, కాలరాయగలిగినవాడు కూడా, వార్డరే. 1983లో జస్టిస్ ముల్లా కమిటీ జైళ్లకు ప్రత్యేకంగా అఖిల భారత సర్వీసు ఉండాలని కోరింది. అది నేటికీ ఏర్పడలేదు. 2023లో కేంద్రం రూపొందించిన నమూనా చట్టం కూడా, జైళ్లు రాష్ట్ర జాబితాలోనివి కనుక, మార్గదర్శకం మాత్రమే.

వార్డరు ఉద్యోగానికి వచ్చిన యువకుడి ఎత్తు కొలుస్తారు, పరుగు చూస్తారు, రాత పరీక్ష పెడతారు. నిస్సహాయుడి మీద అధికారం చేతికొస్తే అతడెలా ప్రవర్తిస్తాడో కొలిచే బద్ద వీటిలో లేదు. ఆ పని శిక్షణే చేయాలి. 2022 చివరి నాటికి దేశంలోని ప్రతి నలుగురు ఖైదీల్లో దాదాపు ముగ్గురు నేరం ఇంకా రుజువుకాని విచారణ ఖైదీలు. చట్టం దృష్టిలో నిర్దోషులైన వారికి రాజ్యం ఎలా కనిపిస్తుందో నిర్ణయించేది న్యాయమూర్తి కాదు, రాత్రి గది తలుపు మూసేవాడు. అతడి శిక్షణపై పెట్టని ఖర్చును వారే చెల్లిస్తున్నారు.